రెండు పెద్ద కార్లు, ఒక చిన్న ప్రశ్న



ఈనాటి ప్రసంగంలో మనం రెండు పాత అమెరికన్ కార్ల గురించి మాట్లాడుకుందాం. ఒకటి కాడిలాక్ ఎల్డొరాడో, రెండోది లింకన్ కాంటినెంటల్ మార్క్. 1960ల చివర నుంచి 1970ల చివరి దాకా అమెరికాలో సంపన్నులు వీటిలో ఏది కొనాలా అని తర్జనభర్జన పడేవారు. "మనకు ఆ కార్లతో ఏం పని?" అని మీకు అనిపించవచ్చు. వాటిని కొనమనో, మెచ్చుకోమనో నేను చెప్పబోవడం లేదు. రెండు వస్తువులను పోల్చడం అంటే ఏమిటి, ఒక అంకెను నమ్మే ముందు ఏం అడగాలి అన్నది ఈ పాఠం. దానికి ఈ కార్ల కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పైగా వీటి విషయంలో నేనే ఒక తప్పు చేశాను. అది కూడా చెబుతాను.

ఈ పాఠాన్ని పుస్తకంలో చదువుతున్నవారు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. చిన్న చిన్న లెక్కలు ఉన్నాయి.

కూపే అంటే ఏమిటి?

సాధారణంగా మనం రోడ్డు మీద చూసే కారుకు నాలుగు తలుపులు ఉంటాయి. పక్కన రెండే తలుపులు ఉండి, పైకప్పు వెనక్కి వాలుగా దిగే కారును కూపే అంటారు. వెనక సీట్లోకి వెళ్లాలంటే ముందు సీటును వంచి దూరాలి. అంటే ఇది కుటుంబమంతా కలిసి తిరగడానికి అనువైన కారు కాదు. నడిపేవారి దర్పం కోసం, సుఖం కోసం తయారైన కారు.

అమెరికాలో ఈ కోవ కార్లకు దారి వేసింది ఫోర్డ్ కంపెనీ వారి థండర్‌బర్డ్. 1955 నమూనాలో అందులో ఇద్దరే కూర్చోగలిగేవారు. 1958లో దానికి వెనక సీటు చేర్చారు. అమ్మకాలు బాగా పెరిగాయి. దానికి పోటీగా జనరల్ మోటార్స్ సంస్థ 1963లో బ్యూక్ రివియెరాను తెచ్చింది. బిల్ మిచెల్ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న ఆ కారును మొదటి ఏడాది కావాలనే 40,000 మాత్రమే తయారు చేశారు. కొరత ఉంటే కోరిక పెరుగుతుందని వ్యాపారులకు తెలుసు.

1966లో జనరల్ మోటార్స్‌లోని మరో విభాగం ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోను విడుదల చేసింది. దీనిలో ఇంజన్ ముందు చక్రాలను తిప్పుతుంది. అమెరికాలో 1937లో కార్డ్ కార్లు ఆగిపోయాక మళ్లీ ముందు చక్రాల చోదనం కనిపించడం అదే మొదలు. మరుసటి ఏడాది, అంటే 1967లో, అదే ఏర్పాటుతో కాడిలాక్ ఎల్డొరాడో కూపే వచ్చింది. ఫోర్డ్ సంస్థ ఊరుకుంటుందా? 1968 ఏప్రిల్‌లో లింకన్ కాంటినెంటల్ మార్క్ 3ను బరిలోకి దింపింది. థండర్‌బర్డ్ చట్రం మీద రోల్స్-రాయిస్ తరహా ముందుజాలీ పెట్టి చూడమని తానే సూచించానని ఆనాటి ఫోర్డ్ అధికారి లీ అయకోకా తరవాత చెప్పుకున్నారు.

ఇలా రెండు కార్లు ఎదురెదురుగా నిలిచాయి. ఇప్పుడు పోల్చడం మొదలుపెడదాం.

మొదటి పోలిక: చక్రాలను ఎవరు తిప్పుతున్నారు?

బయటి నుంచి చూస్తే రెండూ పొడవాటి ముక్కున్న కార్లే. 1967 ఎల్డొరాడో పొడవు 5.61 మీటర్లు, మార్క్ 3 పొడవు 5.49 మీటర్లు. మన దేశంలో ఎందరికో మొదటి కారైన మారుతి 800 పొడవు మూడున్నర మీటర్లు కూడా లేదు. వీటి లోపలి నిర్మాణం మాత్రం పూర్తిగా వేరు.

మార్క్ 3లో ఇంజన్ ముందు ఉంటుంది, అది తిప్పేది వెనక చక్రాలను. మధ్యలో ఒక పొడవాటి కడ్డీ కారు అడుగు భాగం వెంట తిరుగుతూ పోతుంది. ఆ కడ్డీకి చోటివ్వడానికి కారు లోపల నేల మీద ఒక ఉబ్బు తప్పదు. వెనక సీటు మధ్యలో కూర్చున్నవారి కాళ్లకు అది అడ్డం.

ఎల్డొరాడోలో ఈ కడ్డీ లేదు. ఇంజన్ ముందే ఉంది, తిరిగేవీ ముందు చక్రాలే. అయితే అంత పెద్ద ఇంజన్‌నూ, గేర్లపెట్టెనూ ఒకదాని వెనక ఒకటి పెడితే చోటు చాలదు. అందుకని ఇంజనీర్లు గేర్లపెట్టెను ఇంజన్ పక్కకు జరిపి, రెండింటినీ ఒక వెడల్పాటి ఉక్కు గొలుసుతో కలిపారు. సైకిల్ గొలుసు పని చేసే సూత్రమే ఇది కూడా. లోపల నేల చదునుగా వచ్చింది.

అయితే ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. ఇంజన్, గేర్లపెట్టె, చోదక చక్రాలు అన్నీ ముందే ఉండడంతో టొరొనాడో బరువులో సుమారు 60 శాతం ముందు ఇరుసు మీదే పడింది. మంచులో, వానలో ముందు చక్రాలకు పట్టు బాగా దొరికేది. దానికి బదులుగా బ్రేకు వేసినప్పుడు ముందు చక్రాల మీద భారం మరీ ఎక్కువయ్యేది. చూశారా? "ముందు చక్రాల చోదనం మంచిదా, వెనక చక్రాలదా?" అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. "దేనికి మంచిది?" అని అడిగినప్పుడే జవాబు మొదలవుతుంది.

రెండో పోలిక: ఇంజన్ పరిమాణం

ఇంజన్‌లో పిస్టన్లు కిందికీ పైకీ కదిలేటప్పుడు అవి ఊడ్చే మొత్తం ఘనపరిమాణాన్ని లీటర్లలో గాని, ఘన సెంటీమీటర్లలో గాని చెబుతారు. అమెరికావారు దాన్ని ఘన అంగుళాలలో చెప్పేవారు. ఒక ఘన అంగుళం 16.39 ఘన సెంటీమీటర్లకు సమానం.

మార్క్ 3లోని ఎనిమిది సిలిండర్ల ఇంజన్ 460 ఘన అంగుళాలు. అంటే సుమారు 7.5 లీటర్లు. ఎల్డొరాడో 1967లో 429 ఘన అంగుళాలతో మొదలై, 1968లో 472కు, 1970లో 500కు చేరింది. 500ను 16.39తో గుణించండి. దాదాపు 8,200 ఘన సెంటీమీటర్లు వస్తుంది. మారుతి 800 ఇంజన్ 796 ఘన సెంటీమీటర్లు. అంటే ఒక్క ఎల్డొరాడో ఇంజన్ పరిమాణంలో పది మారుతి ఇంజన్లకు సమానం!

అంత పెద్ద ఇంజన్ ఎందుకు? నిలకడగా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోవడానికి అంత బరువైన కారుకు కూడా కావలసిన సామర్థ్యం కొద్దిపాటే. నేల ఘర్షణనూ, గాలి నిరోధాన్నీ లెక్కగట్టి చూస్తే నలభై హార్స్‌పవర్ లోపే సరిపోతుంది. మిగిలినదంతా ఆగివున్న కారు క్షణాల్లో వేగం అందుకోవడానికీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ గొంతు పెంచకుండా ఉండడానికీ. మిగతా సమయమంతా ఆ పెద్ద ఇంజన్ తన శక్తిలో చిన్న భాగమే వాడుతూ, సొంత ఘర్షణకూ, సన్నటి దారి గుండా గాలిని పీల్చుకోవడానికీ పెట్రోలు ఖర్చు చేస్తూ ఉంటుంది. పది మందికి వండే గుండిగలో రోజూ ఒక్కరికి అన్నం వండుకున్నట్టు.

మూడో పోలిక: హార్స్‌పవర్, నా తప్పు

ఇప్పుడు అసలు కథ. హార్స్‌పవర్ అన్న ప్రమాణం మీకు తెలిసిందే. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెప్పడానికి పెట్టిన కొలత అది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు.

నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గర ఒక జిరాక్స్ కాగితం ఉండేది. అందులో ఎల్డొరాడో ఇంజన్ సామర్థ్యం ఏడాదివారీగా ఉంది. 1970లో 400. 1971లో 365. 1972లో 235. 1976లో 190. దాన్ని నల్లబల్ల మీద రాసి, "చూడండి, కాలుష్య నియంత్రణ చట్టం రాగానే ఒక్క ఏడాదిలోనే ఇంజన్ బలం మూడో వంతుకు పైగా ఎలా పడిపోయిందో!" అని ఎంతో ఉత్సాహంగా చెప్పేదాన్ని. వరసగా నాలుగేళ్లు అలాగే చెప్పాను.

నాలుగో ఏడాది రెండో బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "మేడమ్, 1971కీ 1972కీ మధ్య మారింది ఇంజనా, కొలబద్దా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేను కూడా నవ్వి, "రేపు చెబుతాను" అన్నాను. ఆ రేపు చాలా ఆలస్యంగా వచ్చింది. కొన్ని నెలల తరవాత హైదరాబాదులో కోఠి దగ్గర పాత పుస్తకాల దుకాణంలో ఒక ఆటోమొబైల్ ఇంజనీరింగ్ పుస్తకం దొరికింది. అందులో 1971 ఎల్డొరాడోకు పక్కపక్కనే రెండు అంకెలు ఉన్నాయి. స్థూల సామర్థ్యం 365. నికర సామర్థ్యం 235. ఒకే ఏడాది, ఒకే ఇంజన్!

విషయం ఏమిటంటే, 1971 దాకా అమెరికన్ కంపెనీలు ఇంజన్‌ను కారులోంచి తీసి, పరీక్షా పీఠం మీద పెట్టి కొలిచేవి. ఆ సమయంలో ఇంజన్‌కు గాలి వడపోత ఉండదు, చల్లబరిచే ఫ్యాను ఉండదు, విద్యుత్తు తయారుచేసే ఆల్టర్నేటరు ఉండదు, శబ్దాన్ని అణిచే సైలెన్సరు ఉండదు. ఇవన్నీ ఇంజన్ బలాన్ని కొంత తినేవే. అవి లేకుండా వచ్చే అంకె స్థూల సామర్థ్యం. 1972 నమూనాల నుంచి, ఇవన్నీ తగిలించి, కారులో ఎలా ఉంటుందో అలాగే కొలిచి చెప్పడం మొదలైంది. అది నికర సామర్థ్యం. స్థూల జీతానికీ, కోతలన్నీ పోగా చేతికి వచ్చే జీతానికీ ఉన్న తేడా లాంటిదే ఇది.

ఇప్పుడు లెక్క సరిచేద్దాం. 1971లో నికరానికీ స్థూలానికీ నిష్పత్తి 235/365, అంటే సుమారు 0.64. అదే నిష్పత్తి 1970కీ వర్తిస్తుందని అనుకుంటే, ఆ ఏడాది 400 స్థూల హార్స్‌పవర్ నికరంగా సుమారు 258 అవుతుంది. 1976 నాటికి అది 190. అంటే నిజమైన తగ్గుదల సుమారు 26 శాతం. నేను పిల్లలకు చూపించిన అంకెల ప్రకారం 400 నుంచి 190కి, అంటే 52 శాతానికి పైగా. అందులో సగం ఇంజన్‌లో జరగనే లేదు, కాగితం మీద జరిగింది.

ఆ అమ్మాయికి ఈ జవాబు చెప్పే అవకాశం నాకు రాలేదు. అప్పటికే పరీక్షలు రాసి వెళ్లిపోయింది. ఆమె అడిగింది గొప్ప ప్రశ్న. క్లాసు నవ్వినప్పుడు నేను నవ్వకుండా ఉండవలసింది. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ ఈ పాఠాన్ని ఆమె ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. మారింది వస్తువా, కొలబద్దా? ఈనాటి ప్రసంగం పేరులో ఉన్న చిన్న ప్రశ్న ఇదే.

నిజమైన తగ్గుదలకు కారణం: సీసం

మిగిలిన తగ్గుదల నిజమైనదే కదా, అది ఎందుకు జరిగింది? ఇక్కడ కథ కార్లను దాటి మనందరి రక్తం దాకా వస్తుంది.

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని సిలిండర్‌లో ఎంత గట్టిగా నొక్కితే అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. దీన్ని సంపీడన నిష్పత్తి అంటారు. 1970 ఎల్డొరాడోలో ఇది 10:1. కాని మరీ గట్టిగా నొక్కితే, నిప్పురవ్వ వెలిగించిన మంట చేరకముందే మూలల్లో మిశ్రమం తనంతట తాను పేలుతుంది. ఇంజన్‌లో ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమని శబ్దం వస్తుంది. ఇంజన్ దెబ్బతింటుంది. దీన్ని ఆపడానికి టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం పనికి వస్తుందని 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ కనుక్కున్నారు. చవకైన మందు దొరికిందని ప్రపంచమంతా పెట్రోలులో సీసం కలిపింది.

ఆ సీసం ఎక్కడికి పోతుంది? పొగగొట్టంలోంచి గాలిలోకి, గాలిలోంచి ధూళిలోకి, ధూళిలోంచి పిల్లల శరీరాల్లోకి. సీసం నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. ఎదిగే పిల్లల మెదడుకు అది మరీ ప్రమాదం.

1970లో అమెరికాలో పరిశుభ్ర వాయు చట్టం కట్టుదిట్టమైంది. 1975 నమూనాల నుంచి ఎక్కువ కార్లకు పొగను శుద్ధిచేసే ఉత్ప్రేరక పరికరం వచ్చింది. అందులో ప్లాటినం, పల్లాడియం లోహాలు విషవాయువైన కార్బన్ మోనాక్సైడును కార్బన్ డయాక్సైడుగా మారుస్తాయి. సీసం తగిలితే ఈ లోహాల ఉపరితలం పూత పూసినట్టయి పని చేయడం మానేస్తుంది. అందువల్ల సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది. దానికి సిద్ధపడుతూ జనరల్ మోటార్స్ 1971 నుంచే సంపీడన నిష్పత్తి తగ్గించింది. ఎల్డొరాడోలో 10:1 కాస్తా 1971లో 9:1, 1972లో 8.5:1 అయింది. 400 నుంచి 365కు తగ్గింది ఇందుకే. అది నిజమైన నష్టం. ఆ నష్టానికి బదులుగా వచ్చింది పిల్లలు పీల్చే గాలి.

మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. 2021లో అల్జీరియా కూడా మానేయడంతో రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలు వాడే దేశం ప్రపంచంలో లేకుండా పోయింది. మీలో చాలామంది 2000 తరవాత పుట్టినవారు. మీ వయసులో మేము బస్టాండులో పీల్చిన సీసపు పొగ మీరు పీల్చలేదు. "పాత ఇంజన్లే బలమైనవి" అని ఎవరైనా అంటే, ఆ బలానికి వెల ఎవరు చెల్లించారో కూడా లెక్కలో వేయండి.

నాలుగో పోలిక: ఆపడం

కారును పరిగెత్తించడం ఒక ఎత్తు, ఆపడం ఒక ఎత్తు. గతిజశక్తి సూత్రం గుర్తుంది కదా? ద్రవ్యరాశిలో సగాన్ని వేగ వర్గంతో గుణించాలి.

ప్రయాణికులతో కలిపి 2,400 కిలోల పెద్ద కారు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 25 మీటర్లతో పోతోందనుకోండి. 1,200ను 625తో గుణిస్తే 7,50,000 జౌళ్లు. అదే వేగంతో పోయే 800 కిలోల చిన్న కారుకు 2,50,000 జౌళ్లు. పెద్ద కారు బ్రేకులు మూడు రెట్ల శక్తిని వేడిగా మార్చాలి. రెండున్నర లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి చాలినంత వేడి అది. అదంతా కొద్ది సెకన్లలో!

మొదటి టొరొనాడోకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుంచి నొక్కే షూలకు దూరంగా జరుగుతుంది. వరసగా రెండు మూడుసార్లు గట్టిగా వేస్తే పట్టు సడలుతుంది. డిస్కు బ్రేకు అలా కాదు. పళ్లెం వేడెక్కి మందమైతే రెండు వైపులా ఉన్న ప్యాడ్లకు దగ్గరవుతుంది. పైగా గాలికి తెరిచి ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది. ఎల్డొరాడోకు 1967లో ముందు డిస్కు బ్రేకులు అదనపు డబ్బు పెడితేనే వచ్చేవి. 1968 నుంచి అందరికీ ఇచ్చారు. మార్క్ 3కు మొదటి నుంచీ ముందు డిస్కులు ఉన్నాయి. అంతేకాదు, వెనక చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటును 1970 నుంచి ప్రతి మార్క్ 3కూ అమర్చారు. ఈ పోలికలో లింకన్‌దే పైచేయి.

సంపన్నుల కార్లు ఒక రకంగా ప్రయోగశాలలు. 1971 టొరొనాడోలో వెనక అద్దం కింద ఎత్తులో అదనపు బ్రేకు దీపాలు పెట్టారు. 1974 నుంచి 1976 దాకా జనరల్ మోటార్స్ కొన్ని పెద్ద కార్లలో గాలితిత్తులను, అంటే ఎయిర్‌బ్యాగులను, అదనపు సదుపాయంగా అమ్మింది. అప్పట్లో కొన్నవారు తక్కువే. మన దేశంలో 2019 జులై నుంచి ప్రతి కొత్త కారుకూ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. నలభై అయిదేళ్ల క్రితం ధనవంతుల వేడుక ఇవాళ సామాన్యుడి ప్రాణరక్షణ. అయితే ఆ నలభై అయిదేళ్లలో అది అందక పోయిన ప్రాణాలను కూడా మరిచిపోకూడదు.

అయిదో పోలిక: పెట్రోలు ఖర్చు

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు అమ్మకం ఆపేశాయి. పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. 1974 జనవరిలో దేశమంతటా గరిష్ఠ వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే 88 కిలోమీటర్లకు పరిమితం చేస్తూ చట్టం వచ్చింది. మన రెండు కార్లూ గాలనుకు పది మైళ్లు వెళితే గొప్ప. ఒక అమెరికన్ గాలను 3.785 లీటర్లు, ఒక మైలు 1.609 కిలోమీటర్లు. లెక్క వేస్తే లీటరుకు సుమారు నాలుగుంపావు కిలోమీటర్లు.

ఇక్కడ కూడా ఒక ఉచ్చు ఉంది. ఒక ప్రశ్న అడుగుతాను. జవాబు చదవకముందు మీరే ఆలోచించండి. ఒక ఇంట్లో లీటరుకు 4 కిలోమీటర్లు ఇచ్చే కారును 5 ఇచ్చేలా మార్చారు. ఇంకో ఇంట్లో 15 ఇచ్చే కారును 20 ఇచ్చేలా మార్చారు. రెండు ఇళ్లవాళ్లూ వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఎవరికి ఎక్కువ పెట్రోలు మిగిలింది?

చాలామంది రెండో ఇల్లు అంటారు. చూద్దాం. మొదటి ఇంట్లో 250 లీటర్లు కాస్తా 200 అయింది. మిగిలింది 50 లీటర్లు. రెండో ఇంట్లో 66.7 లీటర్లు కాస్తా 50 అయింది. మిగిలింది 16.7 లీటర్లు మాత్రమే. మనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని చెప్పుకుంటాం, కాని జేబులోంచి డబ్బు పోయేది కిలోమీటరుకు ఎన్ని లీటర్లు అన్న లెక్క మీద. భిన్నాన్ని తలకిందులుగా చూస్తే బుద్ధి మోసపోతుంది. దేశం మొత్తం మీద ఆదా చేయాలంటే ముందుగా పట్టుకోవలసింది అన్నిటికంటే ఎక్కువ తాగే బండిని.

అమెరికా ప్రభుత్వం 1975 డిసెంబరులో చేసిన చట్టం ప్రకారం ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు 1978 నమూనాలకు గాలనుకు 18 మైళ్లు, 1985కు 27.5 మైళ్లు ఉండాలి. అలాంటి సగటు నియమాలు మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి.

పెద్దరికం తగ్గించుకున్న పెద్ద కారు

ఈ ఒత్తిడికి రెండు కంపెనీలూ వేరువేరుగా స్పందించాయి. లింకన్ 1977లో తెచ్చిన మార్క్ 5 పొడవు 5.85 మీటర్లు. 1979 దాకా దాన్ని అలాగే అమ్మారు. కాడిలాక్ మాత్రం 1979లో ఎల్డొరాడోను కోసి కుదించింది. పొడవు 5.69 మీటర్ల నుంచి 5.18కి, ఇంజన్ 7 లీటర్ల నుంచి 5.7కు దిగాయి. బరువు 450 కిలోలకు పైగా తగ్గింది.

కొనేవారు ముఖం తిప్పుకున్నారా? లేదు. 1978లో సుమారు 46,800 ఎల్డొరాడోలు తయారైతే, 1979లో 67,400 తయారయ్యాయి. "చిన్నదైతే ఎవరూ కొనరు" అన్న భయం నిజం కాలేదు. అయితే తొందరపడి "చిన్న కారే గెలిచింది" అని రాసుకోకండి. అదే 1979లో భారీ మార్క్ 5 దాదాపు 76,000 తయారైంది! మనకు నచ్చిన అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటే అది విజ్ఞానం కాదు, వకాల్తా. రెండు అంకెలూ చెప్పాలి. ఆ మరుసటి ఏడాది లింకన్ కూడా తన కారును కుదించక తప్పలేదన్నది మూడో నిజం.

ఇంతకూ ఏది మంచిది?

ఇంతసేపు పోల్చి జవాబు చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. 1970 నాటి రెండు కార్లను పక్కపక్కన పెడితే నా తీర్పు ఇది. ఇంజనీరింగ్ సాహసానికి ఎల్డొరాడో. గొలుసు చోదనం, చదునైన నేల మామూలు ఆలోచనలు కావు. ఆపడంలో, భద్రతలో మార్క్ 3. పెట్రోలు విషయంలో రెండూ తప్పినట్టే. మీరు వేరే తీర్పు చెప్పవచ్చు. కాని ఏ ప్రమాణం మీద చెబుతున్నారో ముందే చెప్పాలి. ఫలితం చూశాక ప్రమాణాన్ని ఎంచుకోకూడదు.

ఈ పాఠం కార్లతో అయిపోదు. రేపు మీరు కాలేజీలను పోలుస్తారు, ఉద్యోగాలను పోలుస్తారు, మందులను, బ్యాంకు వడ్డీలను, ప్రభుత్వాలను పోలుస్తారు. ఈ ఏడు మా ఫలితాలు రెట్టింపయ్యాయని ఒక ప్రకటన అంటుంది. వ్యాధి సగానికి తగ్గిందని ఒక వార్త చెబుతుంది. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకెను ఏ పరిస్థితిలో కొలిచారు? నిరుడూ ఇదే కొలబద్దతో కొలిచారా? ఈ లాభానికి వెల ఎవరు చెల్లిస్తున్నారు? మొదటి ప్రశ్న హార్స్‌పవర్ నేర్పింది, రెండోది ఆ అమ్మాయి నేర్పింది, మూడోది సీసం నేర్పింది.

ఇంటికి ఒక పని ఇస్తున్నాను. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న ఒక మోటారు సైకిలు తీసుకోండి. ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె రాసుకోండి. మామూలుగా తిరగనిచ్చి, మళ్లీ ట్యాంకు నిండా పోయించండి. ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పట్టిందో లెక్క కట్టండి. ప్రకటనలో చెప్పిన అంకెతో పోల్చండి. తేడా వస్తే కంపెనీవాళ్లు అబద్ధమాడారని వెంటనే అనకండి. వారు ఏ రోడ్డు మీద, ఏ వేగంతో, ఎంత బరువుతో కొలిచి ఉంటారో ఒక జాబితా రాయండి. మీ మాస్టారికో, మేడమ్‌కో చూపించండి.

మీ క్లాసులో ఎవరైనా లేచి వింతగా తోచే ప్రశ్న అడిగితే, దయచేసి నవ్వకండి. జవాబు తెలియని మాస్టారు కూడా ఆ నవ్వు వెనక దాక్కునే అవకాశం ఉంది. నాకు అనుభవమే.

వచ్చే ప్రసంగంలో మళ్లీ కలుసుకుందాం. అంతదాకా సెలవు. నమస్కారం.